ఒక ఊరికి ఎన్ని సాక్ష్యాలు: తెలంగాణ స్థానిక చరిత్రను చదివే తీరు

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిని ఎవరు కట్టారని అడిగితే రెండు జవాబులు దొరుకుతాయి. అక్కడి సంస్కృత శాసనం ప్రకారం కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు క్రీ.శ. 1213లో రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించి, పూజాదికాల కోసం ఊళ్లను ధారపోశాడు. చుట్టుపక్కల తరతరాలుగా చెప్పుకునేదాని ప్రకారం ఇది రామప్ప అనే శిల్పి చెక్కిన గుడి. శాసనంలో కనిపించని ఆ పేరే గుడికీ, దాని దాపునున్న పెద్ద చెరువుకూ స్థిరపడింది. 2021 జూలైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా రుద్రేశ్వర, రామప్ప అన్న రెండు పేర్లూ కలిపే నమోదు చేసింది. వీటిలో ఏది నిజమో తేల్చమంటే తేల్చలేము, ఎందుకంటే అవి ఒకే ప్రశ్నకు చెప్పిన జవాబులు కావు. దాత ఎవరు, ఏ భూమి ఎవరికి చెందుతుంది అన్నవి నమోదు చేయడానికి శాసనం పుట్టింది. ఉలి పట్టినవాని పేరుతో దానికి పనిలేదు. జనం జ్ఞాపకానికి మాత్రం దాత కంటే పనివాడే దగ్గరివాడు.

తెలంగాణ స్థానిక చరిత్ర మీద జరిగే వాదాలలో చాలా భాగం ఇలాంటివేనని నా అభిప్రాయం. శాసనం, సర్కారు దస్తావేజు, కావ్యం, కులపురాణం, జాతర, చెరువు కట్ట, ఇవన్నీ సాక్ష్యాలే. అయితే ఒక్కొక్కటి ఒక్కో అవసరం కోసం పుట్టింది, ఒక్కో రకం ప్రశ్నకే నమ్మదగిన జవాబు చెబుతుంది. ఒకదాన్ని అడగవలసింది మరొకదాన్ని అడిగినప్పుడే చరిత్ర చిక్కుపడుతుంది. వారసత్వ ఉత్సవాలు, జయంతులు, పర్యాటక ఫలకాలు పెరుగుతున్న ఈ కాలంలో, మనం ఏ సాక్ష్యం మీద నిలబడి మాట్లాడుతున్నామో తెలుసుకోవడం పండితులకే వదిలేయవలసిన పని కాదు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యంగా శాసనాన్ని చూస్తాం కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడి శాసనంలో పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు, శివలోకం చేరిన కాకతి రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యంగా దేవునికి భూమి ఇచ్చినట్టు చెప్పుకున్నాడు. శక సంవత్సరం 1211, విరోధి, మార్గశిర శుద్ధ ద్వాదశి అని దానికి తేదీ ఉంది. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది; ప్రభవాది అరవైలో విరోధి ఏ ఏటికి వస్తుందో లెక్కగడితే అదీ 1289కే సరిపోతుంది; మాసం, తిథి పట్టి చూస్తే అది నవంబరు 27. ఇలా శకం, సంవత్సర నామం, తిథి ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి కాబట్టే శాసనాల తేదీలకు అంత విలువ. ఈ శాసనం వెలుగులోకి రాకముందు రాసిన చరిత్రలు రుద్రమ 1295 ప్రాంతం వరకు పాలించిందని చెప్పేవి. ఏ రాజాస్థానానికీ చెందని ఒక చిన్న ఉద్యోగి, తన ఊరి గుడికి ఇచ్చిన కొద్దిపాటి భూమి గురించి వేయించిన రాయి, ఒక సామ్రాజ్ఞి పాలనాకాలాన్ని దాదాపు ఆరేళ్లు వెనక్కి జరిపింది.

అయితే ఆ రాయి చెప్పినది అంతవరకే. రుద్రమ, తన మీద తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధంలో మరణించిందని ఈరోజు పాఠాలలోనూ ప్రసంగాలలోనూ వినిపించే మాట చందుపట్ల శాసనంలో లేదు. రాణినీ, సేనానినీ ఒకే శ్వాసలో తలచుకోవడాన్ని, అంబదేవుడు తన విజయాలను చెప్పుకున్న త్రిపురాంతకం శాసనంతో జోడించి చరిత్రకారులు చేరుకున్న నిర్ణయం అది. బలమైన ఊహే, కానీ ఊహే. శాసనం చెప్పినదానికీ, శాసనాల నుంచి మనం తీసుకున్నదానికీ మధ్య గీత గీసుకోకపోతే ముప్పై ఏళ్లలో ఊహ వాస్తవమై కూర్చుంటుంది.

శాసనాలకు మరో లక్షణం ఉంది: అవి నేటి రాష్ట్రాల సరిహద్దులను పట్టించుకోవు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట మీద, పదో శతాబ్దపు నడిమి రోజుల్లో జినవల్లభుడు వేయించిన శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలలోనూ ఉంది. జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి పంపనికి ధర్మపురిని అగ్రహారంగా ఇచ్చిన సంగతి, వారి వంశం వేంగినాడు నుంచి వచ్చిన సంగతి ఆ గుట్ట మీదే తెలుస్తాయి. అందులోని మూడు తెలుగు కందపద్యాలు నన్నయకు సుమారు వంద సంవత్సరాల ముందువి. ఒక్క గుట్ట మీద కన్నడ సాహిత్య చరిత్ర, తెలుగు ఛందస్సు చరిత్ర, జైనమత చరిత్ర కలిసి ఉన్నాయి. దానిని ఏ ఒక్క భాషవారి ఆస్తిగా చూసినా మిగిలిన రెండూ జారిపోతాయి. అలాగే ఓరుగల్లు కాకతీయుల పూర్వీకుడు గుండ్యనను పేర్కొన్న తొలి ఆధారాలలో ఒకటైన మాగల్లు తామ్రశాసనం క్రీ.శ. 956 నాటిది, దాన్ని ఇచ్చినవాడు తూర్పు చాళుక్య రాజు దానార్ణవుడు, అది దొరికిన చోటు నేటి ఆంధ్రప్రదేశ్‌లోని నందిగామ ప్రాంతం. కాకతీయుల వంశావళిని వివరంగా చెప్పే బయ్యారం చెరువు శాసనం మాత్రం తెలంగాణలోనే ఉంది. వేయించినది గణపతిదేవుని చెల్లెలు మైలాంబ.

బయ్యారం శాసనం గురించి చెప్పేటప్పుడు అందరూ వంశావళి దగ్గరే ఆగిపోతారు. అసలు ఆ శాసనం పుట్టింది ఒక చెరువు తవ్వించిన సందర్భంలో. కాకతీయుల కాలంలో గుడి, చెరువు, ఊరు విడివిడిగా పుట్టలేదు. గుడికి భూమి ఇస్తే సరిపోదు, ఆ భూమికి నీళ్లుంటేనే దీపానికి నూనె, నైవేద్యానికి బియ్యం. అందుకే గుడి కట్టించినవాడు చెరువూ తవ్వించాడు, చెరువు కింద ఆయకట్టు ఏర్పడితే అక్కడ ఊరు నిలిచింది. చెరువు తవ్వించినవారికీ, బాగుచేయించినవారికీ ఆయకట్టులో కొంత భాగాన్ని దశబంధ మాన్యంగా ఇచ్చే ఏర్పాటు వలన, రాజు ఖజానా నుంచి పైకం రాకపోయినా ఊరి పెద్ద, వర్తకుడు, నాయకుడు తమ సొమ్ముతో ఆ పని చేపట్టేవారు. పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు, అక్కడినుంచి మరో చెరువుకు చేరే గొలుసుకట్టు పద్ధతి, పెద్ద నదులకు ఎత్తున ఉన్న ఈ పీఠభూమిలో వానచుక్కను ఆపడానికి కనిపెట్టిన ఉపాయం. తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ఎన్ని గంటల నీరు అన్న లెక్క, పొలాలకు నీరు వదిలే నీరడి చేతిలో ఉండేది. అతని లెక్కలను ఏ శాసనమూ రాయలేదు. కట్ట ఎత్తు, తూము రాళ్ల పనితనం, నీరు నిలిచే శిఖం భూమి హద్దులు, ఊరివాళ్ల వాడుక, వీటన్నిటినీ కలిపి చదివితే తప్ప చెరువు చరిత్ర తెలియదు.

ఇక్కడ ఒక అతిశయోక్తిని కూడా సరిదిద్దుకోవాలి. తెలంగాణలో పాత చెరువు కనబడితే చాలు, కాకతీయులు తవ్వించారనడం అలవాటైపోయింది. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకానికి మిషన్ కాకతీయ అని పేరుపెట్టి, 46 వేలకు పైగా చెరువులను అందులోకి తీసుకోవడంతో ఆ అలవాటు మరింత బలపడింది. పాఖాల, రామప్ప, లక్నవరం ఆ కాలానివే. కానీ హుస్సేన్‌సాగర్ ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో కట్టినది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ 1908 మూసీ వరదల తర్వాత వచ్చినవి. ఊరూరా ఉన్న వేల కుంటలను ఎప్పుడెప్పుడో ఆ ఊరి రైతులే కట్టుకున్నారు. అన్నిటినీ ఒక రాజవంశం ఖాతాలో వేస్తే, ఆ రైతులు తమ ఊరి చరిత్ర నుంచే మాయమవుతారు.

కుతుబ్‌షాహీల కాలం నుంచి కథ మరో మలుపు తిరుగుతుంది. రాతి శాసనాలు తగ్గి, కాగితం మీద ఫార్సీలోనూ, తర్వాత ఉర్దూలోనూ రాసిన దస్తావేజులు పెరుగుతాయి. కోస్తా, రాయలసీమ ఊళ్ల గురించి తెలుసుకోవాలంటే కర్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు కరణాల నుంచి సేకరించిన తెలుగు కైఫియతులు, అంటే ఊరి వృత్తాంతాలు, విరివిగా దొరుకుతాయి. నిజాం ఏలుబడిలో ఉన్న ఊళ్లకు అంతటి సౌకర్యం లేదు. ఇక్కడి ఊరి జాతకం జాగీరు సనదులలో, ఇనాం పత్రాలలో, సేత్వార్, ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులలో ఉంది. వాటి తేదీలు హిజ్రీలో గానీ, శిస్తు లెక్కలకు వాడిన ఫస్లీలో గానీ ఉంటాయి. ఫస్లీ సంవత్సరానికి 590 గానీ, నెలను బట్టి 591 గానీ కలిపితే మన లెక్కకు వస్తుంది. జాగీర్ల రద్దు చట్టం మీద 1358 అని కనిపిస్తే కంగారుపడనక్కరలేదు, అది 1949 సంగతే.

దీనికి తోడు సరిహద్దులు కుదురుగా ఉన్నది తక్కువ. భద్రాచలాన్నే తీసుకోండి. నిజాం రాజ్యంలో ఉన్న ఆ ప్రాంతం 1860లో ఇంగ్లీషువారి చేతికి వెళ్లింది, తర్వాత చాలాకాలం గోదావరి జిల్లాల్లో ఉండి, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది, 2014లో భద్రాచలం చుట్టుపక్కల మండలాలు కొన్ని పోలవరం ప్రాజెక్టు కారణంగా ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. అంటే పందొమ్మిదో శతాబ్దపు భద్రాచలం కాగితాల కోసం హైదరాబాదులో ఒక్కచోటే వెతికితే సగమే దొరుకుతుంది. పాలంపేట సంగతి మరీ విచిత్రం: అది 2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లా, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లా, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లా. పది జిల్లాలు ముప్పై ఒకటై, ముప్పై మూడైన తర్వాత పాత శాసన సంపుటాలలోని చిరునామాలన్నిటినీ తిరిగి సరిచూసుకోవలసి వచ్చింది. శాతవాహన తొలి రాజు చిముకుని నాణేలు దొరికిన కోటిలింగాల పాత పుస్తకాల్లో కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లా.

రాతలో ఉన్న సాక్ష్యాలు ఒకదానితో ఒకటి తగువు పడటం ఒక ఎత్తు, రాతా నోటిమాటా తగువు పడటం మరో ఎత్తు. ఇందుకు సర్వాయి పాపన్న కథ కంటే మంచి ఉదాహరణ లేదు. ఔరంగజేబు చివరి రోజుల్లో, కల్లుగీత కుటుంబంలో పుట్టిన ఒక మనిషి నేటి జనగామ జిల్లా ఖిలాషాపూర్‌లో కోట కట్టి, 1708లో వరంగల్ కోటనే కొల్లగొట్టి, మరుసటి ఏడు హైదరాబాదుకు వచ్చిన మొగలు చక్రవర్తి బహదూర్ షాకు కానుకలిచ్చి, 1710లో మొగలు సైన్యానికి చిక్కి హతుడయ్యాడు. ఈ కాలక్రమం మనకు ప్రధానంగా దక్కింది ఖాఫీ ఖాన్ ఫార్సీ చరిత్ర నుంచే. ఆయన కళ్లలో పాపన్న దారిదోపిడీగాడు, పరువుగల వారి ఆడవాళ్లను చెరబట్టిన దుర్మార్గుడు. జంగాలు, శారదకాండ్రు పాడిన కథలో అతడు కులవృత్తికి కట్టుబడి ఉండమన్న తల్లి మాట కాదని గోలకొండ మీద కన్నేసిన వీరుడు. ఆ కథ రూపాంతరం ఒకటి 1874లోనే జె. ఎ. బాయిల్ ద్వారా ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో అచ్చయింది.

ఖాఫీ ఖాన్ తేదీలు ఇస్తాడు, కానీ ఒక గీతకార్మికుని వెనుక వేలమంది ఎందుకు నడిచారో చెప్పడు, ఆ ప్రశ్న ఆయనకు తోచనే తోచదు. పాట ఆ కారణాన్ని చెబుతుంది, తేదీలు చెప్పదు. ఫార్సీ చరిత్రకారుని ద్వేషాన్ని వాస్తవంగా తీసుకోవడం ఎంత పొరపాటో, పాటలోని సంభాషణలను చరిత్రగా అచ్చువేయడం అంతే పొరపాటు. ఈనాడు ఆగస్టు 18న జయంతి జరిపేవారు పాపన్నను బహుజన రాజ్యాధికారానికి తొలి ప్రతీకగా తలుస్తారు. అది మన కాలపు రాజకీయ అర్థం, దానికి చోటు ఉంది, అయితే దాన్ని 1708 నాటి మనిషి నోట్లో పెట్టనక్కరలేదు.

మేడారం సమ్మక్క, సారలమ్మల విషయంలో తగువే వేరు. కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయ నాయకుల మీదికి ప్రతాపరుద్రుని సైన్యం వచ్చిందని, ఆ పోరులో పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, జంపన్న ప్రాణాలు విడిచారని, గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనబడకుండా పోయిందని కథ. ఈ యుద్ధాన్ని చెప్పే కాకతీయ శాసనం ఇంతవరకు వెలుగులోకి రాలేదు. దాన్ని పట్టుకుని జరిగిందా లేదా అని వాదించేవారు ఒక చిన్న సంగతి మరచిపోతారు: ఓడినవారి కోసం శాసనం వేయించే రాజు ఉండడు. మేడారానికి ఉన్న సాక్ష్యం వేరే చోట ఉంది. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి కన్నెపల్లి నుంచి సారలమ్మనూ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజునూ, కొండాయి నుంచి గోవిందరాజునూ తెచ్చే దారులు ఉన్నాయి; ఏ వంశంవారు ఏ పని చేయాలన్న కట్టుబాటు ఉంది; విగ్రహం లేకుండా కంకవనంగా (వెదురుగా), కుంకుమ భరిణెగా దేవతను కొలిచే పద్ధతి ఉంది; కోయల కథకులైన డోలీలు పడిగెలు (బొమ్మల గుడ్డజెండాలు) పట్టి పాడే గోత్ర కథలు ఉన్నాయి. ఒక అడవి సమాజం ఏయే ఊళ్ల మధ్య ఎలాంటి బంధుత్వాలతో అల్లుకుందో ఈ దారులు చెప్పినంత స్పష్టంగా ఏ రాయీ చెప్పలేదు. యుద్ధం ఏ తేదీన జరిగిందన్నది మాత్రం వాటిని అడగకూడదు.

రాసి పెట్టుకునే స్తోమత లేని కులాలు తమ చరిత్రను దాచుకోవడానికి మరో ఏర్పాటు చేసుకున్నాయి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు వేసే పటాలు ఈరోజు గోడకు తగిలించే బొమ్మలుగా అమ్ముడవుతున్నాయి గానీ, అవి పుట్టింది కథ చెప్పేవారి కోసం. మూడడుగుల వెడల్పుతో పదుల అడుగుల పొడవు సాగే గుడ్డ మీద కథనంతా వరుస గదులలో చిత్రిస్తే, దాన్ని విప్పుకుంటూ రాత్రంతా పాడేవారు. పద్మశాలీల మార్కండేయ పురాణానికి కూనపులివారు, మాదిగల జాంబపురాణానికి డక్కలివారు, ముదిరాజుల ముందు పాండవుల కథ చెప్పడానికి కాకిపడగలవారు, గౌడ పురాణానికి గౌడజెట్టీలు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో ఆశ్రిత కులం. ఏ ఊళ్లలో ఏ కుటుంబం కథ చెప్పాలన్న హక్కు వంశపారంపర్యంగా పంచుకుని ఉండేది. ఈ పురాణాలను దేవతల కథలని పక్కన పెట్టేవారు వాటిలో ఉన్న గట్టి సమాచారాన్ని వదులుకుంటున్నారు: మగ్గం పనిముట్ల పేర్లు, తోలు శుద్ధి చేసే క్రమం, ఒక కులం మరో కులానికి ఎందుకు పెద్దదో చిన్నదో అన్న వాదం, అన్నీ అందులో ఉన్నాయి. జాంబపురాణంలో జాంబవంతుడు సృష్టికి ముందే పుట్టినవాడు. ఊరి చివరకు నెట్టబడిన కులం తనను తాను అందరికంటే ముందువాడిగా చెప్పుకున్న ఆ మాట కంటే సూటి అయిన సామాజిక చరిత్ర మరెక్కడ దొరుకుతుంది?

ఈ సాక్ష్యాలను పోగుచేసే పని రాష్ట్రం ఏర్పడిన తర్వాత మొదలైనది కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. 1914లో గులాం యజ్దానీ నాయకత్వంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో మరణించగా, ఆయన పేరిట ఏర్పడిన పరిశోధక మండలి ఊరూరా తిరిగి ప్రతులు తీసి, 1935లో తెలంగాణా శాసనముల మొదటి సంపుటాన్ని వెలువరించింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. తర్వాత ఆయనే కావ్యాలలోని తిండి, బట్ట, ఆటపాటల ప్రస్తావనలను ఏరి జనం చరిత్ర రాసి చూపించారు. రాజుల పట్టికల కోసం కావ్యాన్ని గాలించడం మాని, పూటకూళ్ల ఇంట్లో ఏమి వడ్డించారో చూడమన్న ఆ పద్ధతి నేటికీ కొత్తగానే ఉంది. కళాశాలల్లో దాన్ని పొగిడేవారు ఎక్కువ, పాటించేవారు తక్కువ.

పోయినవాటి లెక్క కూడా చూడాలి. నాగార్జునసాగర్ నీటిలో మునిగే ముందు, 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయను తవ్వి, ముఖ్యమైన కట్టడాలను పైకి చేర్చగలిగారు. శ్రీశైలం జలాశయం కారణంగా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించారు. కోటిలింగాలకు ఆ అదృష్టం పట్టలేదు, ఎల్లంపల్లి నీరు ఆ పాత నగరంలో కొంత భాగాన్ని కమ్మేసింది. గ్రానైటు తవ్వకాలు, గుప్తనిధుల కోసం చేసే తవ్వకాలు, జీర్ణోద్ధరణ పేరుతో శాసనాల మీద వేసే సున్నం, రంగులు నీటికంటే నెమ్మదిగా అదే పని చేస్తున్నాయి. 2025లో నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్లు యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. అలాంటి పేరు రాని బృహత్‌శిలా సమాధులు, అంటే పెద్ద రాళ్లతో కట్టిన పురాతన సమాధులు, పొలాల చదునులో పోతూనే ఉన్నాయి.

రాయిని కాపాడటం కంటే కష్టమైనది చదివేవారిని కాపాడుకోవడం. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో మొగలుల కాలం నాటి ఫార్సీ పత్రాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి, ఊళ్ల పేర్లతో సహా. వాటిని తెలుగు చరిత్ర విద్యార్థి ముట్టుకోలేడు, ఫార్సీ వచ్చినవారికి ఊళ్ల పేర్లు అంతుపట్టవు. ఇదే చిక్కు ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దాదాపు చేజారిపోయేంత దూరం వెళ్లింది. అక్కడ గోండీ భాషకు సొంత లిపిలో రాసిన చేతిరాత ప్రతులు బయటపడే నాటికి, దాన్ని చదవగలిగిన పెద్దలు కొద్దిమందే మిగిలి ఉన్నారు. వారిని పక్కన కూర్చోబెట్టుకుని పరిశోధకులు అక్షరాలను గుర్తించారు, పిల్లల కోసం వాచకాలు తయారు చేశారు, 2018లో ఆ లిపికి కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో గుంజాల గోండీ అన్న పేరుతోనే చోటు దొరికింది. ఇప్పుడు ఆ ప్రతులను గోండీలోనే టైపు చేసి, ఫార్సీ, తెలుగు, మరాఠీ ఆధారాల పక్కన పెట్టి సరిచూడటానికి వీలుంది.